గురి వెనుక ఏమున్నది?



ఛందస్సు గురించి, సంధుల గురించి వ్రాసుకొనే ఈ పుటలో తుపాకుల ప్రస్తావన చూసి, దారి తప్పి వేరొకరి ఇంటికి వచ్చామేమో అని కొందరు అనుకోవచ్చు. ఇల్లు మాదే. ముమ్మిడివరంలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్న పంతుల్ని. నీకు తుపాకుల సంగతి ఏమి తెలుసునయ్యా అంటే, కొద్దిగా తెలుసును. ఆ కొద్దిపాటి తెలివికి చెల్లించిన మూల్యం మాత్రం కొద్దిపాటిది కాదు. ఆ సంగతీ చెబుతాను.

మొన్న కార్తీకమాసంలో నా పూర్వవిద్యార్థి ఒకడు కొడుకుని వెంటబెట్టుకొని వచ్చాడు. అతనికి చేపల చెరువులు ఉన్నాయి. పిల్లవాడు తొమ్మిదవ తరగతి. కుశలప్రశ్నలు అయ్యాక అతను అసలు సంగతికి వచ్చాడు.

"మాస్టారండీ, మీ మావయ్యగారికి తుపాకీ ఉండేదని మా నాన్నగారు చెప్పేవారండి. ఏది కొంటే మంచిదో మీరే చెప్పాలండి. చెరువుల మీద నీటికాకులు, కొంగలు ఒక్కటి నిలవనివ్వడం లేదండి. వీడేమో ఒలింపిక్సులో చూసినప్పట్నుంచి రైఫిలు నేర్చుకుంటానని ఒకటే గొడవండి. ఒకటే కొంటే రెండు పనులూ అయిపోతాయి కదండీ. పొద్దున్న చెరువు గట్టు మీద, సాయంత్రం అట్టముక్క మీద. ఆయ్!"

ఆ "ఒకటే కొంటే రెండు పనులూ" అన్న మాట దగ్గర నా మనస్సు ఆగిపోయింది. అప్పటికప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. కాఫీలు తాగి వెళ్ళారు. అతనికి చెప్పవలసినది, అతని వంటి మరి నలుగురికీ పనికివస్తుందని ఈ టపాగా వ్రాస్తున్నాను.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. తుపాకి కొనదలచినవారు సాధారణంగా ముందు తుపాకిని ఎన్నుకొంటారు. తరువాత దానికి సరిపడే తూటాను వెదుకుతారు. ఆ తరువాత దేనిని కొట్టాలా అని చూస్తారు. ఆ లక్ష్యం వెనుక ఏమున్నదో అసలు చూడనే చూడరు. ఇది తలక్రిందుల పద్ధతి. ముందు లక్ష్యం వెనుక ఏమున్నదో చూడాలి, తరువాత లక్ష్యాన్ని, తరువాత తూటాను. అన్నిటి కంటె చివరిది తుపాకి. ఈ వరుసలో ఆలోచించిన కోనసీమవాసికి మిగిలే సమాధానం ఒక్కటేనని నా నమ్మకం.

ముందు మాటల సంగతి చూద్దాం. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది?

తుపాకి అన్న మాటే తురుష్కుల భాష నుండి నడచి వచ్చినది. మన ఊళ్ళలో వినిపించే "పన్నెండు బోరు" అన్నది అంగుళాల లెక్క కాదు, తూకపు లెక్క. ఒక పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోతపోస్తే, వాటిలో ఒక గుండు సరిగా పట్టే గొట్టం పన్నెండు బోరు. అది సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. దీని లోపలి భాగం నున్నగా ఉంటుంది. తూటాలో ఒక్క గుండుకు బదులు అనేకమైన సీసపు పూసలు ఉంటాయి. పూసల నంబరు పెరిగిన కొద్దీ పూస చిన్నదవుతుంది. పిట్టలకు వాడే నంబరు పూసలు వేరు, అడవిపందికి వాడే ఎల్.జి. పూసలు వేరు. రెండవదానిలో కొద్దిపాటి పెద్ద గుండ్లే ఉంటాయి.

రైఫిలు అన్నది వేరే జాతి. దాని గొట్టం లోపల మరచుట్టు గాడులు ఉంటాయి. వాటి వలన గుండు బొంగరంలా తిరుగుతూ పోతుంది కనుక దారి తప్పదు. .22 అంటే అంగుళంలో నూటికి ఇరవై రెండు పాళ్ళు. .177 అంటే నాలుగున్నర మిల్లీమీటర్లు. పోటీలలో వాడే గాలి రైఫిలుది ఈ కొలతే. మన దేశంలో పౌరులకు పరిచితమైన .315 రైఫిలుకు ఒక చరిత్ర ఉన్నది. తెల్లదొరల సైన్యం వాడిన .303 తూటా పౌరుల చేతిలో పడరాదన్న జాగ్రత్తతో వేరే కొలతలో పుట్టించినది అది. దొరలు పోయినా ఆ కొలత పోలేదు. ఇషాపూర్ కర్మాగారం వారు దానిని తరాల తరబడి చేస్తూ వచ్చారు.

పేరుమోసిన వేటగాళ్ళకూ ఒక్కొక్కరికి ఒక్కొక్క తుపాకి. జిమ్ కార్బెట్ చేతిలోని .275 రిగ్బీ చంపావత్ పులిని చంపినందుకు 1907లో ఆయనకు బహుమానంగా వచ్చినది. మన చిత్తూరు అడవులలో కూడా తిరిగి కథలు వ్రాసిన కెన్నెత్ ఆండర్సన్ .405 వించెస్టర్ పట్టుకొన్నాడు. వీరిని చదివి తుపాకి మీద మోజు పెంచుకొన్నవారు, ఆ పుస్తకాలలోని మరొక సంగతిని గమనించరు. ఆ పులుల వెనుక ఉన్నది కొండ, లేదా మైళ్ళ కొద్దీ అడవి. మన చెరువు గట్టు వెనుక ఉన్నది ఏమిటి?

ఇప్పుడు నా సంగతి చెప్పవలసి ఉన్నది.

1970వ సంవత్సరం. నాకు పన్నెండేళ్ళు. మా మేనమామగారికి లైసెన్సు గల పన్నెండు బోరు ఒంటి గొట్టం తుపాకి ఉండేది. ధనుర్మాసంలో ఉత్తరాది నుండి పరజలు దిగేవి. తెల్లవారకముందే నన్ను లేపి గౌతమి ఒడ్డున లంకలలోకి తీసుకొని పోయేవాడు. తూటాల సంచి మోయడం, పడిన పిట్టను తెచ్చి ఇవ్వడం నా పని. అది నాకు ఎంతటి గర్వకారణమో చెప్పలేను. బడిలో ఆ రోజంతా నా చేతులకు మందుగుండు వాసన వచ్చేది. చేతులు కడుక్కొనేవాణ్ణి కాదు.

ఆనాడు మంచు బాగా పట్టింది. పది గజాల ముందు ఏమున్నదో తెలియడం లేదు. రెల్లులో నీళ్ళు కదిలిన చప్పుడు అయింది. మావయ్య నా వైపు చూశాడు. నేను ఆ చప్పుడు వచ్చిన వైపు వేలు చూపించి, "అదిగో మావయ్యా, లేస్తున్నాయి" అన్నాను. అతను పేల్చాడు.

వినిపించినది పిట్టల రెక్కల చప్పుడు కాదు, మనిషి కేక.

ఇంటికప్పుకు రెల్లు కోసుకొంటున్న మనిషి అతను. కొబ్బరి చెట్లెక్కి దింపు తీసే పనివాడు. పూసలు కుడి భుజంలో, ముంజేతిలో దిగాయి. పడవలో వేసుకొని ఆసుపత్రికి తీసుకొనిపోయారు. ప్రాణం దక్కింది. కాని ఆ చేతి వేళ్ళు రెండు మళ్ళీ వంగలేదు. వేళ్ళు వంగని మనిషి చెట్టెక్కలేడు. ఊరి పెద్దలు కూర్చొని రాజీ చేశారు. మావయ్య అర ఎకరం కొబ్బరితోట వ్రాసి ఇచ్చాడు. పైకి ఎక్కి కాయ దింపలేనివానికి కొబ్బరితోట! ఆనాడు ఎవరికీ అందులో వింత కనిపించలేదు.

మావయ్య మళ్ళీ ఆ తుపాకిని పేల్చలేదు. గోడకు వ్రేలాడేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా నిబంధన ప్రకారం ఠాణాకు వెళ్ళి, ఎన్నికలు అయ్యాక తిరిగి వచ్చేది. అతను పోయిన తరువాత దానిని శాశ్వతంగా అప్పగించి వేశాము. వేలు చూపించినవాణ్ణి నేనని మావయ్య ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నేను పంతుల్నయ్యాక ఆ మనిషి వీధిలో ఎదురైనప్పుడల్లా "నమస్కారం పంతులుగారూ" అంటూ ఆ కుడిచేతినే ఎత్తేవాడు. రెండు వేళ్ళు నిటారుగా ఉండేవి. ఆయన కూడా ఇప్పుడు లేడు. ఉన్నప్పుడు చెప్పవలసిన మాట ఇక్కడ వ్రాసుకొంటున్నాను.

అయోధ్యాకాండలో దశరథుడు కౌసల్యకు చెప్పుకొన్న కథ మీకందరికీ తెలిసినదే. వర్షర్తువు, రాత్రి, సరయూతీరం. కడవ మునుగుతున్న చప్పుడును ఏనుగు నీళ్ళు త్రాగుతున్న చప్పుడు అనుకొని బాణం వేశాడు. వాల్మీకి ఆ మునికుమారుని పేరు కూడా చెప్పలేదు. శ్రవణకుమారుడని లోకమే పిలుచుకొన్నది. శబ్దభేదిని మనం గొప్ప విద్యగా చెప్పుకొంటాము. వాల్మీకి మాత్రం ఆ విద్య వలన జరిగిన మేలు ఒక్కటీ చెప్పలేదు. చూడకుండా కొట్టగలగడం వలన కలిగే ఫలం ఏమిటో మాత్రం చెప్పాడు. ఆ కథను తరగతిలో చెప్పవలసి వచ్చినప్పుడల్లా నా గొంతు పట్టుకొనేది. పిల్లలు పంతులుగారికి రామాయణమంటే ఎంత భక్తో అనుకొనేవారు.

అందుచేత నా మొదటి ప్రశ్న ఎల్లప్పుడూ ఒక్కటే. గురి వెనుక ఏమున్నది?

మన కోనసీమను ఈ దృష్టితో ఒకసారి చూడండి. ఇక్కడ కొండ లేదు, గుట్ట లేదు. గుండును ఆపగల ఎత్తయిన మట్టికట్ట అంటే ఏటిగట్టు ఒక్కటే. దాని మీద మనుషులు, బళ్ళు, బడికి వెళ్ళే పిల్లలు. ఊరికీ ఊరికీ నడుమ ఖాళీ లేదు. తోటలో ఇల్లు, ఇంటి వెనుక కాలువ, కాలువ అవతల మరొక తోట. చెట్టు మీద దింపు తీసేవాడు ఉంటాడు, చెరువు అవతలి గట్టున మేత వేసేవాడు ఉంటాడు. పిల్లలు ఆడుకొనే బొమ్మ వంటిదని కొందరు భావించే .22 తూటా మైలుకు పైగా పోతుంది. .315 వంటి పెద్ద రైఫిలు గుండు ఒక ఊరిని దాటి మరొక ఊరిలో పడగలదు. పన్నెండు బోరు పిట్ట పూసలు పనిచేసేది నలభై గజాల లోపే అయినా, కంటికి చేటు చేసే దూరం అంతకు ఎన్నో రెట్లు. పైగా, నీటి మీద ఏటవాలుగా తగిలిన గుండు మునగదు. పిల్లలు చెరువులో పెంకు విసిరితే కప్పగంతులు వేసినట్లు పైకి లేచి, ఎవరూ ఊహించని దిక్కుకు పోతుంది. చుట్టూ నీరే ఉన్న సీమలో ఇంతకంటె చెప్పవలసినది ఏమున్నది?

మెట్ట ప్రాంతాలలో అడవిపందులు పంటను నాశనం చేస్తున్నప్పుడు, అధికారుల వ్రాతపూర్వకమైన అనుమతి పొంది కొట్టించే పద్ధతి చట్టంలో ఉన్నది. అక్కడ కూడా తెలిసినవాళ్ళు మంచె మీద నుండి క్రిందికి కొడతారు. గుండు తగిలినా తగలకపోయినా నేలలో దిగాలని. అదీ వివేకం. అక్కడ తుపాకి కంటె మంచె ముఖ్యం.

ఇక లక్ష్యం సంగతి.

నా శిష్యుడు చెప్పిన నీటికాకి, కొంగ, ఉల్లంకి, పరజ అన్నీ చట్టం రక్షణలో ఉన్నవే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో లైసెన్సు మీద కొంత వేటను అనుమతించినది. 1991 సవరణతో ఆ వేట లైసెన్సులే లేకుండా పోయాయి. వేట అంటే చంపడం ఒక్కటే అని కూడా అనుకోరాదు. పట్టడం, వల పన్నడం, ఉచ్చు పెట్టడం, గూడు చెరపడం, వాటికి ప్రయత్నించడం కూడా చట్టం దృష్టిలో వేటే. 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం 20 జౌళ్ళ శక్తి దాటని చిన్న బోరు గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. దానిని పట్టుకొని "లైసెన్సు అక్కరలేదు కనుక కొంగను కొట్టవచ్చు" అని అన్వయం చెప్పేవారు ఉన్నారు. కత్తికి కూడా లైసెన్సు లేదు. అందుచేత ఎవరినైనా పొడవవచ్చునా?

చట్టంలో లేని మాట ఒకటి నేను చెబుతాను. నీటిపక్షులు ఆహారాన్ని నూరుకోవడానికి చిన్న చిన్న రాళ్ళను మ్రింగి కందనకాయలో ఉంచుకొంటాయి. బురదలో పడిన సీసపు పూసను కూడా రాయి అనుకొనే మ్రింగుతాయి. సీసం విషం. తప్పిపోయిన తూటా కూడా ఆ విధంగా ఏళ్ళ తరువాత చంపుతుంది. అమెరికాలో నీటిపక్షుల వేటకు సీసపు పూసలను 1991లో దేశమంతటా నిషేధించినది ఇందుకే. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా పోతే కోరంగి మడ అడవులు ఎంతో దూరం లేవు. 1978లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడి పక్షులకు అభయారణ్యం సరిహద్దు ఎక్కడో తెలియదు. మన చెరువు మీద వాలిన కొంగ నిన్న అక్కడ ఉన్నదే కావచ్చును.

అలాగని నా శిష్యుని కష్టాన్ని కొట్టిపారవేయను. అప్పు తెచ్చి పిల్ల వదిలి, మేత వేసి, నిద్ర మాని కాపలా కాసేవాడు అతను. "పక్షులను ప్రేమించండి" అని అరుగు మీద కూర్చొని చెప్పడం నాకు సులభం. చెరువులో పోయే చేప నాది కాదు. కాని తుపాకి అతనికి సమాధానం కాదని నేను అనేది ప్రేమతో మాత్రమే కాదు, లెక్కతో కూడా. ఒక పక్షిని కొడితే మిగిలినవి లేచి, చుట్టు తిరిగి, మళ్ళీ వాలుతాయి. రోజంతా తుపాకి పట్టుకొని నిలబడే మనిషే ఉంటే, ఆ మనిషి కేకతోనూ డప్పుతోనూ అవి లేస్తాయి. చేపపిల్ల చిన్నదిగా ఉన్న చెరువుల మీద అడ్డంగా, స్పష్టంగా కనబడే తాళ్ళు బిగించి కట్టి, వాటికి మెరిసే రిబ్బన్లు వేయడం మంచిది. రెక్కలు చాచి దిగే పక్షికి దారి లేకుండా చేయడమే అందులో ఉపాయం. సన్నని వలలు పరచరాదు. అందులో చిక్కుకొని చస్తాయి, అదీ నేరమే. తాళ్ళ వలన నష్టం పూర్తిగా పోతుందని చెప్పను. తుపాకితోనూ పోదు, పైగా తుపాకి తెచ్చే నష్టానికి అవతలి గట్టున ఒక మనిషి ఉంటాడు.

మన సాహిత్యంలో వేట లేదా అని ఎవరైనా అడుగుతారు. ఎందుకు లేదు? పెద్దన స్వరోచిని వేటకు పంపాడు. ధూర్జటి తిన్నణ్ణి వేటగాడిగానే భక్తుణ్ణి చేశాడు. శాకుంతలం రెండవ అంకంలో సేనాపతి చేసే వాదం నేటి వేటప్రియుల వాదమే. వేట వలన కొవ్వు కరుగుతుంది, దేహం తేలికపడుతుంది, కదిలే లక్ష్యాన్ని కొట్టడమే విలుకానికి పరీక్ష, దీనిని వ్యసనమనడం తప్పు అంటాడు. కాని అదే నాటకం మొదటి అంకంలో కణ్వాశ్రమం వైఖానసుడు అడ్డం వచ్చి, ఇది ఆశ్రమమృగం, కొట్టరాదు అంటాడు. సమ్రాట్టు మారుమాటాడక ఎక్కుపెట్టిన బాణం దించుతాడు. దుష్యంతుని గొప్పతనం బాణం వేయడంలో కాక దించడంలో కనిపిస్తుంది. మనువు కూడా కామం వలన పుట్టే వ్యసనాలలో మృగయను మొదటే చెప్పాడు.

అయితే, కదిలే లక్ష్యం కావాలన్న సేనాపతి కోరికను నేటి క్రీడ తీర్చింది. ట్రాప్, స్కీట్ పోటీలలో పన్నెండు బోరుతో కొట్టేది పిట్టను కాదు, గాలిలోకి విసిరిన 110 మిల్లీమీటర్ల పలకను. ఒకప్పుడు ఈ ఆటకు నిజమైన పావురాలనే వదిలేవారు. పావురం స్థానంలో పలక వచ్చినా ఆటకు లోటు రాలేదు.

ఇప్పుడు పిల్లవాని సంగతికి వస్తాను. అతని విషయంలో నా మనస్సు ఎంతో సంతోషంగా ఉన్నది.

పిల్లవానికి తగిన లక్ష్యం పది మీటర్ల దూరాన ఉన్న కాగితం. పది మీటర్ల గాలి రైఫిలు పోటీలో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. మనం పెట్టే ఫుల్‌స్టాపు అంత. దానిని అరవై సార్లు, గంటా పావులో, నిలబడి కొట్టాలి. ఈ ఆటలోనే 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణం తెచ్చాడు. 2012లో లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాడు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పదమూడేళ్ళ వయస్సులో, 2018లో, పిస్తోలు విభాగంలో జాతీయ విజేత అయింది. వీరందరి కంటె నన్ను కదిలించినవాడు ధనుష్ శ్రీకాంత్. చెవులు వినబడని ఈ హైదరాబాదు కుర్రవాడు 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో గాలి రైఫిలు స్వర్ణం గెలిచాడు. విని కొట్టిన దశరథుడు పొరబడ్డాడు. వినలేని ధనుష్ చూసి కొట్టి గెలిచాడు. ఆ వార్త చదివిన నాడు నేను చాలాసేపు పేపరు మడవలేదు.

ఇక కొనుగోలు. మొదటి సలహా, కొనవద్దు. ముందు శిక్షణ ఇచ్చే చోటికి పంపి, అక్కడి రైఫిలుతో ఆరు నెలలు సాధన చేయించాలి. పెరిగే పిల్లవానికి ఈ ఏడు సరిపోయిన మడమ వచ్చే ఏడు సరిపోదు. కొనేనాటికి మడమ పొడవు, చెంప ఆనే దిమ్మ ఎత్తు మార్చుకొనే వీలు ఉన్నది చూడాలి. పోటీ నిబంధన ప్రకారం ఐదున్నర కిలోల వరకు బరువు ఉండవచ్చు. అంత బరువు పెద్దవారికి నిలకడను ఇస్తుంది, పిల్లలకు నడుము నొప్పిని ఇస్తుంది.

మడత గొట్టం తుపాకిలో మీట నొక్కగానే లోపలి స్ప్రింగు ముందుకు దూకుతుంది. పెల్లెట్ గొట్టం విడిచేలోగానే తుపాకి కదులుతుంది. దానితో గురి నేర్చుకోవచ్చు కాని, తప్పు పిల్లవానిదో తుపాకిదో తేల్చడం కష్టం. గాలిని ముందే నింపి ఉంచే సిలిండరు రకంలో ఆ కుదుపు దాదాపు ఉండదు. దుర్భిణి బిగించినది కొనరాదు. ఈ పోటీలో దానికి అనుమతి లేదు. వెనుక సన్నని రంధ్రం, ముందు వలయం గల చూపు ఉండాలి. పెల్లెట్లు తల చదునుగా ఉన్నవే కొనాలి. మొన తేలినవి కాగితాన్ని చింపుతాయి. చదును తలవి పంచి మిషను కొట్టినట్లు గుండ్రంగా కోస్తాయి, మార్కు స్పష్టంగా తెలుస్తుంది. ఒకే రకం పెల్లెట్ అన్ని గొట్టాలకూ పొసగదు. రెండు మూడు రకాలు తెచ్చి, తుపాకిని దిండు మీద ఆనించి ఒక్కొక్కటి ఐదేసి కొట్టి చూసి, ఏది దగ్గర దగ్గరగా పడితే దానినే నిలుపుకోవాలి.

తుపాకి మీద పెట్టదలచిన డబ్బులో కొంత దుస్తుల మీద పెట్టడం మంచిది. బిరుసైన కోటు, అడుగు చదునుగా ఉన్న బూట్లు, ఎడమచేతి తొడుగు ఆడంబరం కోసం కాదు. గంటకు పైగా ఒకే భంగిమలో నిలబడే వెన్నుకు ఆసరా. కళ్ళద్దాలు తప్పనిసరి. ఇంత శక్తి చాలు, కన్ను పోవడానికి.

పన్నెండేళ్ళు నిండిన పిల్లలు పెద్దల పర్యవేక్షణలో శిక్షణ పొందడానికి నియమాలలో వీలున్నది. సొంత లైసెన్సుకు 21 ఏళ్ళు నిండాలి. 2019 సవరణ తరువాత సామాన్య పౌరునికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. ఇవన్నీ ముందే తెలుసుకొంటే తరువాత దళారుల మాటలకు లొంగనక్కరలేదు.

అన్నిటి కంటె ముఖ్యమైన సామగ్రి అంగట్లో దొరకదు. అది లక్ష్యం వెనుక ఉండే గోడ. నేను అమలాపురంలో కళాశాల చదువు చదివే రోజులలో ఎన్.సి.సి.లో .22 రైఫిలు పేల్చాను. ఇరవై ఐదు గజాలు, బోర్లా పడుకొని, ఐదు తూటాలు. అంతకు ముందు ఆ లంకల సంగతి జరిగి ఉండడం చేత నా చేతులు వణికాయి. మా హవల్దారు నా పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, ఎదురుగా ఉన్న మట్టిగుట్టను చూపించి, "దాని వెనుక ఎవరూ లేరు, నేను చూసి వచ్చాను, నువ్వు కాగితం చూడు" అన్నాడు. వణుకు తగ్గింది. ఐదూ ఒక అరచేతి వెడల్పులో పడ్డాయి.

ఆ మాట అర్థం నాకు చాలా ఏళ్ళకు, భారతం పాఠం చెబుతుండగా తట్టింది. ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునుడు పక్షి తల తప్ప మరేమీ కనబడడం లేదన్నాడని ఏకాగ్రతకు ఉదాహరణగా చెబుతాము. రెండు సంగతులు వదిలివేస్తాము. మొదటిది, ఆ పక్షి నిజమైన పక్షి కాదు. శిల్పులచేత చేయించి చెట్టుకొమ్మకు పెట్టించిన కృత్రిమ భాసమని వ్యాసుడు స్పష్టంగానే చెప్పాడు. విలువిద్యకు ఆచార్యుడైనవాడు కూడా శిష్యుల పరీక్షకు ప్రాణం ఉన్న పిట్టను పెట్టలేదు. రెండవది, అర్జునుడు చెట్టును, కొమ్మను, అన్నదమ్ములను చూడకుండా ఉండగలిగినది, వాటినన్నిటినీ చూస్తున్న ద్రోణుడు పక్కన ఉండబట్టే. మా లంకలలో నేనూ చప్పుడు తప్ప మరేమీ ఎరుగను. మా పక్కన ద్రోణుడు లేడు.

శిక్షణశాల అంటే నా దృష్టిలో అదే. లక్ష్యం వెనుకను, పక్కలను మరొకరు చూసిపెట్టి, చుక్కను మాత్రం పిల్లవానికి వదిలే చోటు. దానికి పెద్ద మైదానం కూడా అక్కరలేదు. పది మీటర్ల వరండా, చివర మూసిన గోడ, పెల్లెట్లను పట్టే ఇనుప పెట్టె, "తుపాకులు క్రింద పెట్టండి" అనగానే అందరూ వినే ఒక పెద్దమనిషి. ఇటువంటి వరండాలు మన ఉన్నత పాఠశాలలలో లేకపోలేదు. పిల్లలకు తుపాకి ఇస్తారా అని ఉలిక్కిపడేవారికి నా మనవి: తుపాకి కనబడగానే పక్షి కోసం చూసే పిల్లవాణ్ణి, గోడ కోసం చూసే పిల్లవానిగా మార్చడం కూడా విద్యే.

తెలుగులో గురి అన్న మాటకు లక్ష్యమని ఒక అర్థం, నమ్మకమని మరొక అర్థం. "ఆ వైద్యుని మీద నాకు గురి" అంటాము. రెండూ ఒకే మాట కావడం ఊరికే జరిగినది కాదేమో.

నిన్న నా శిష్యునికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. "ఒక తుపాకితో రెండు పనులు కావు నాయనా. చెరువుకు తాళ్ళు, పిల్లవానికి శిక్షణశాల" అన్నాను. అతను కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "తాళ్ళు కట్టి చూస్తానండి. పని చేయకపోతే మళ్ళీ మీ దగ్గరికే వస్తానండి, ఆయ్" అన్నాడు. వస్తే ఏమి చెప్పాలో నాకు ఇంకా తెలియదు. పిల్లవాణ్ణి మాత్రం సంక్రాంతి సెలవులలో హైదరాబాదు తీసుకొని వెళతానన్నాడు.

చెరువుల మీద పక్షుల బెడదకు మీ మీ ప్రాంతాలలో ఏమి చేస్తున్నారో, తుపాకి లేకుండా ఏది పనిచేసినదో తెలిసిన మిత్రులు వ్యాఖ్యలలో తెలుపగలరు. అతనికి చదివి వినిపిస్తాను. నా అభిప్రాయంతో విభేదించేవారు కూడా నిస్సంకోచంగా వ్రాయండి.

స్వస్తి.